మొదటి పేరా దగ్గరే జనం వెళ్ళిపోతున్నారు, ఎత్తుగడ ఎలా రాయాలి?

సగంచిత్తు:

రెండేళ్ళుగా కంప్యూటర్లు, ఫోన్ల గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా వ్యాసాలు రాసి నెట్‌లో పెడుతున్నాను. విషయం మీద పట్టుంది, అందులో డౌట్ లేదు, చివరిదాకా చదివినవాళ్ళు బాగుందనే అంటున్నారు. కానీ చివరిదాకా చదివేవాళ్ళే బహు కొద్దిమంది. ఎంతదూరం స్క్రోల్ చేశారన్న లెక్కలు చూస్తే ఎక్కువమంది మొదటి పేరా కూడా దాటట్లేదు. మధ్యలో విసుగొచ్చి పోయారంటే ఒప్పుకుంటాను, అసలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగి పోతుంటే ఏం చేయాలి?

నిజం చెప్పాలంటే నాకు మొదటి పేరా అంటేనే టెన్షన్. మిగతా వ్యాసమంతా గంటన్నరలో అయిపోతుంది, ఆ నాలుగు వాక్యాలకి మాత్రం ఒక పూట పడుతుంది. రాయడం, చెరపడం, లేచి మంచినీళ్ళు తాగి రావడం, మళ్ళీ చెరపడం. ఆఖరికి ఓపిక అయిపోయి ఏదో ఒకటి పెట్టేస్తాను. సలహాల కోసం వెతికితే అందరూ ఒకటే మాట, ప్రశ్నతో మొదలుపెట్టు, అంకెతో మొదలుపెట్టు, గొప్పవాళ్ళ సూక్తితో మొదలుపెట్టు అని. అన్నీ చేసి చూశాను. ప్రశ్న పెడితే టూత్‌పేస్ట్ యాడ్‌లా ఉంది, సూక్తి పెడితే గోడమీద క్యాలెండర్‌లా ఉంది.

ఇప్పుడు డేటా బ్యాకప్ మీద రాస్తున్నాను. మొదటి మూడు పేరాలు ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నా, మొహమాటపడకుండా చెప్పండి:

"నేటి ఆధునిక డిజిటల్ యుగంలో సమాచారం మన జీవితంలో ఒక విడదీయరాని భాగంగా మారిపోయిందన్న విషయం మనందరికీ తెలిసిందే. ఫొటోలు, వీడియోలు, ముఖ్యమైన పత్రాలు ఇలా ప్రతి ఒక్కటీ కంప్యూటర్లలోనో ఫోన్లలోనో భద్రపరుచుకుంటున్నాం.

అయితే ఈ సమాచారం ఎంతవరకు సురక్షితం? ఎప్పుడైనా ఆలోచించారా? ఈ వ్యాసంలో బ్యాకప్ అంటే ఏమిటి, దాని ప్రాముఖ్యత ఏమిటి, దాన్ని ఎలా తీసుకోవాలి అనే అంశాలను వివరంగా తెలుసుకుందాం.

నా హార్డ్ డిస్క్ పోయిన రోజు ముందు ఒక చప్పుడు వచ్చింది. టిక్, టిక్, కాస్త ఆగి మళ్ళీ టిక్. ఫ్యానేమో అనుకుని పట్టించుకోలేదు. సాయంత్రానికి ఫోల్డర్ల పేర్లు కనిపిస్తున్నాయి కానీ ఏదీ తెరుచుకోవట్లేదు. ఆరేళ్ళ ఫొటోలు. ఇంకో కాపీ ఉందనుకున్న పెన్‌డ్రైవ్‌లో చూస్తే నా పాత బయోడేటా, నాలుగు పాటలు ఉన్నాయి."

---

పాతడెస్కు:

బాబూ, మీ ఎత్తుగడ మీరు రాసేశారు. మూడో పేరాలో ఉంది. పైన రెండు పేరాలు తీసేసి చదువుకోండి, వ్యాసం ఏమన్నా కుంటుపడిందేమో చూడండి. పడదు.

నేను చాలా ఏళ్ళు ఒక పత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేశాను, మేం దీన్ని ఇంట్రో అనేవాళ్ళం. మాకో సీనియర్ ఉండేవారు. రిపోర్టర్ కాపీ చేతికొస్తే పైనుంచి చదివేవారు కాదు, ఏకంగా మూడో పేరా మీదకి వేలు పోనిచ్చేవారు. మొదట్లో నాకిది చాదస్తంగా కనిపించేది. తర్వాత నేనూ అదే పని చేయడం మొదలుపెట్టాను, ఎందుకంటే నూటికి ఎనభై కాపీల్లో సంగతి అక్కడే దొరికేది. రాసేవాడు మొదటి రెండు పేరాల్లో గొంతు సవరించుకుంటాడు, మూడో దాంట్లో నోరు విప్పుతాడు. సవరించుకోవడం తప్పేం కాదు, అది చేస్తేనే చాలామందికి రాత కదులుతుంది, కాకపోతే అచ్చుకి పంపేముందు ఆ దగ్గంతా తీసేయాలి. మీరు తీయడం మర్చిపోతున్నారు, అంతే. ఒక పూటంతా కూర్చుని చెక్కుతున్నది కూడా ఆ దగ్గునే.

ఇప్పుడు మీ మొదటి వాక్యానికి ఒక చిన్న పరీక్ష పెడదాం. "సమాచారం" అన్న మాట తీసి ఆ చోట "వ్యాయామం" పెట్టండి. "నేటి ఆధునిక యుగంలో వ్యాయామం మన జీవితంలో విడదీయరాని భాగంగా మారిపోయింది". సరిపోయింది కదా? "విద్యుత్తు" పెట్టండి, "ప్లాస్టిక్" పెట్టండి, "ఇన్సూరెన్స్" పెట్టండి, అన్నిటికీ అతుకుతుంది. ఏ తలకైనా పట్టే టోపీ అది. ఇప్పుడు ఇదే పరీక్ష "టిక్, టిక్, కాస్త ఆగి మళ్ళీ టిక్" మీద చేయండి. ఇన్సూరెన్స్ టిక్ అనదు.

"మనందరికీ తెలిసిందే" అన్నదాని మీద నాకు పాతకక్ష. తెలిసిందే అయితే మళ్ళీ చెప్పడం దేనికి? ఇక రెండో పేరా పేరాయే కాదు, విషయసూచిక. "తెలుసుకుందాం" అని రాసి మీరు పాఠకుణ్ణి క్యూలో నిలబెడుతున్నారు. ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ గుర్తే, బళ్ళో వ్యాసరచన అంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు సైడ్ హెడ్డింగులు గీత గీసి రాయించేవాళ్ళు. అక్కడ అది నడిచింది, ఎందుకంటే దిద్దే మాస్టారికి చదవక తప్పదు. మీ పాఠకుడికి ఆ బాధ్యత లేదు, ఆయన చేతిలో బొటనవేలు ఉంది.

మా పత్రికల్లో వార్తని తలకిందుల పిరమిడ్‌లా రాయమనేవాళ్ళు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా, వీటిలో బరువైనవి పైన, తేలికవి కింద. దీంట్లో పెద్ద ఫిలాసఫీ ఏం లేదు, రాత్రి పేజీలో జాగా చాలకపోతే కిందినుంచి కోసేసేవాళ్ళం, కోసినా వార్త నిలబడాలి. ఇప్పుడు కోత పని పాఠకుడే చేసుకుంటున్నాడు, ఎక్కడ విసుగొస్తే అక్కడ కోస్తాడు.

---

అరసున్న:

పాతడెస్కు గారూ, సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. మొదటి రెండు పేరాలు చెత్తబుట్టలోకి పోవాల్సిందే, అందులో గొడవ లేదు. కానీ మూడో పేరా మొదటికి రావాలా అన్నది చదివేవాడు ఎందుకొచ్చాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఫోన్ నీళ్ళలో పడింది, చేతిలో తడిఫోన్ పట్టుకుని పక్కవాడి ఫోన్‌లో వెతుకుతున్నాడనుకోండి ఒకడు. వాడికి మీ కథ ఎందుకండీ? "ముందు స్విచాఫ్ చేయండి, చార్జింగ్ మాత్రం పెట్టకండి" అన్నది మొదటి వాక్యం అవ్వాలి. అక్కడ "ఆ రోజు వాన పడుతోంది..." అని మొదలుపెడితే తిట్టుకుంటూ వెళ్ళిపోతాడు. బ్యాకప్ అంత అర్జంటు కాదనుకోండి, అయినా "బ్యాకప్ ఎలా తీయాలి" అని వెతికి వచ్చినవాడు మీ హార్డ్ డిస్క్ చప్పుళ్ళు వినడానికి రాలేదు. వాడికి 3-2-1 కావాలి: మొత్తం 3 కాపీలు, 2 వేర్వేరు రకాల పరికరాల్లో, 1 ఇంటికి దూరంగా. ఒక్క వాక్యం. ఇది పైన కనిపిస్తే "ఓహో ఇక్కడ సరుకుంది" అని నమ్మి కింద ఎలా చేయాలో చదువుతాడు. కనిపించకపోతే వెనక్కి బటన్.

జనం నెట్‌లో చదవరు, తడుముతారు. ఇది నా మాట కాదు, వెబ్‌సైట్లని జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ బృందం 1997లోనే పరిశీలిస్తే 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు, మాటమాటా చదివినవాళ్ళు 16 శాతం. 2006లో 232 మంది కళ్ళ కదలికలు రికార్డు చేస్తే అచ్చం ఇంగ్లీషు ఎఫ్ అక్షరంలా వచ్చింది. పైన ఒక అడ్డగీత, కాస్త కింద ఇంకో పొట్టి అడ్డగీత, తర్వాత ఎడమ అంచు వెంట కిందికి జారుడు. అంటే పై రెండు మూడు లైన్లకి దక్కే చూపు ఇంకెక్కడా దక్కదు. అంత విలువైన చోట "నేటి ఆధునిక యుగంలో" పెట్టడం అంటే ఇక ఏం చెప్పను.

ఇంకో చిన్న సంగతి. గూగుల్‌లో హెడ్డింగ్ కింద కనిపించే రెండు లైన్లు చాలాసార్లు మీ పేజీలోంచే తీసుకుంటారు. అక్కడ "తెలుసుకుందాం" కనిపిస్తే ఎవడు నొక్కుతాడు?

---

గాలివాన:

వాతావరణంతో మాత్రం మొదలుపెట్టకండి బ్రదర్. 1830లో ఒక ఇంగ్లీషు నవల చీకటిరాత్రి, తుఫానుతో మొదలైంది, ఆ వాక్యం ఎంత నవ్వులపాలైందంటే ఆ రచయిత పేరుమీదే 1982లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో పోటీ మొదలుపెట్టారు, అసలు లేని నవలకి అతి చెత్త మొదటి వాక్యం రాసినవాళ్ళకి బహుమతి ఇచ్చేవాళ్ళు. నేను ఎక్కడన్నా ఇరుక్కుపోతే కావాలని ఒక చెత్త ఎత్తుగడ రాసుకుంటాను, అలాంటి పోటీకి పంపేంత చెత్తగా. రెండు నిమిషాలు నవ్వుకున్నాక చెయ్యి సాఫీగా ఆడుతుంది.

---

మాటపట్టింపు:

అరసున్న గారు చెప్పిన ఫోన్ ఉదాహరణ బాగుంది కానీ ఆ ముక్క పట్టుకుని అందరూ మొదటి వాక్యంలోనే జవాబు కక్కేస్తే చదవడానికి ఇంకేం మిగులుతుంది? 3-2-1 అని చెప్పేశాక నాలాంటిది "సరే తెలిసింది" అనుకుని పోతుంది. చేసేది కూడా ఏం ఉండదు, తెలుసన్న తృప్తి ఒక్కటి మిగులుతుంది.

నాకు దీంట్లో బాగా పనికొచ్చింది జార్జ్ లోవెన్‌స్టైన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1994లో కుతూహలం మీద రాసిన మాట. మనకి తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడు దురద పుడుతుంది, అదే కుతూహలం అంటాడు. ఇందులో జనం పట్టించుకోని సంగతి ఏంటంటే ఆ ఖాళీ కనిపించాలంటే ముందు ఎంతో కొంత తెలిసుండాలి. ఏమీ తెలియనివాడికి ఖాళీ కనపడదు, దురదా పుట్టదు. అందుకే "బ్యాకప్ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న చప్పగా ఉంటుంది. అదే, కాపీ ఉందనుకున్న పెన్‌డ్రైవ్‌లో బయోడేటా, పాటలు తేలాయనగానే నా చెయ్యి నా డ్రాయర్ వైపు పోయింది. నా పెన్‌డ్రైవ్‌లో ఏముంది? ఒట్టు, లేచి వెళ్ళి చూశాను. (ఏముందో చెప్పను.)

కాకపోతే ఊరించడానికీ ఒక హద్దుంది. ఒకసారి నిద్రలేమి మీద రాస్తూ మొదట ఒక భయంకరమైన కారు ప్రమాదం పెట్టాను, నేను చూసిందే, అబద్ధం కాదు. జనం బాగానే చదివారు. కానీ లోపల ఉన్నదేమో పడుకునేముందు ఫోన్ పక్కన పెట్టండి, గది చీకటిగా ఉంచుకోండి అన్న మామూలు సలహాలు. డ్రైవర్ నిద్రమత్తులో ఉన్నాడో లేదో కూడా నాకు తెలీదు. కింద ఒకావిడ "బోడిగుండుకీ మోకాలికీ ముడేశారు కదండీ" అని ఒక్క లైను రాసింది. మూడు రోజులు ఆ లైనే తిరిగింది నా బుర్రలో. ఎత్తుగడ అప్పులాంటిది, ఎంత పెద్దది తీసుకుంటే కింద అంత తీర్చాలి. "తర్వాత జరిగింది చూస్తే షాకవుతారు" అనేవాళ్ళు ఎగ్గొట్టే రకం. మీ హార్డ్ డిస్క్ కథ మీ వ్యాసంలో తీరే అప్పే, ధైర్యంగా తీసుకోండి.

---

చెవినపడ్డమాట:

ఇంతసేపూ ఏం రాయాలో మాట్లాడుతున్నారు, వాక్యం ఎలా ఉందో ఎవరూ చూడట్లేదు. నాకు కనిపించిన అసలు జబ్బు అక్కడుంది.

తెలుగులో క్రియ చివర వస్తుంది. చిన్న వాక్యంలో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, పెద్దదానిలో మాత్రం చదివేవాడు అన్నీ చేతుల్లో మోసుకుంటూ చివరిదాకా నడవాలి. మీ మొదటి వాక్యం మళ్ళీ చూడండి: నేటి, ఆధునిక, డిజిటల్, యుగంలో, సమాచారం, మన, జీవితంలో, ఒక, విడదీయరాని, భాగంగా, మారిపోయిందన్న... ఇక్కడికి అయిపోయిందేమో అనుకుంటే ఇంకా "విషయం మనందరికీ తెలిసిందే" ఉంది. అంత మోసుకొచ్చి దించితే మూటలో ఏమీ లేదు. వ్యాసం మధ్యలో, పాఠకుడు మీ నడకకి అలవాటు పడ్డాక, ఇంత పొడవు వాక్యం రాసినా వస్తాడు. మొదటి వాక్యంలో మీరెవరో అతనికి తెలీదు, మీకోసం ఎందుకు మోయాలి?

అదే మూడో పేరాలో "ఆరేళ్ళ ఫొటోలు." అని ఉంది చూశారా, క్రియే లేదు. మోసేదేం లేదు, దభీమని తగిలింది. అక్కడ "ఆరేళ్ళుగా భద్రపరుచుకున్న నా అమూల్యమైన ఛాయాచిత్రాలన్నీ కోల్పోవడం జరిగింది" అని రాసి ఉంటే నేను మిమ్మల్ని క్షమించేవాణ్ణి కాదు. ఈ "జరిగింది" గురించి ఇంకోసారి ఎప్పుడైనా, మొదలుపెడితే ఆగను.

ఇంకోటి, మీకు రెండు గొంతులున్నాయి. మొదటి రెండు పేరాల్లో "ప్రాముఖ్యత", "అంశాలను", "భద్రపరుచుకుంటున్నాం". మూడో దాంట్లో "ఫ్యానేమో అనుకుని". ఒకటి స్టేజీ ఎక్కిన మనిషి, రెండోది పక్కన కూర్చున్న మనిషి. ఎత్తుగడ అనగానే మనకి తెలీకుండానే స్టేజీ ఎక్కేస్తాం, మైకు దొరికినట్టు. నేను చేసే పని చెప్తాను, మొరటు పద్ధతే గానీ పనిచేస్తుంది. రాసేముందు ఒక ఫ్రెండ్‌కి వాయిస్ మెసేజ్ పెడతాను, "ఒరేయ్ ఇవాళ దీని గురించి రాస్తున్నా" అని. పంపకపోయినా పర్లేదు. తర్వాత విని, మొదటి అరనిమిషంలో నేను ఏమన్నానో అది టైప్ చేస్తాను. ఆ "ఒరేయ్" తీసేస్తే చాలాసార్లు ఎత్తుగడ తయారై ఉంటుంది. ఇంతవరకు ఒక్క ఫ్రెండ్‌తో కూడా నేను "నేటి ఆధునిక యుగంలో" అనలేదు.

---

సగంచిత్తు:

అందరికీ థాంక్స్, కొన్ని చురుకులు గట్టిగానే తగిలాయి. పాత వ్యాసాలు పదకొండు తెరిచి పాతడెస్కు గారి పరీక్ష పెట్టాను. తొమ్మిదింటికి అదే టోపీ. నాలుగింట్లో "నేటి" ఉంది, రెండింట్లో "మనందరికీ తెలిసిందే".

ఒక డౌట్ మిగిలింది. అరసున్న గారు జవాబు పైన పెట్టమంటున్నారు, మాటపట్టింపు గారు దాచమంటున్నారు. రెండూ కలిపి ఒకటి ప్రయత్నించా, వాయిస్ మెసేజ్ పద్ధతిలోనే:

"నా హార్డ్ డిస్క్ పోయే ముందు టిక్, టిక్ అంది. ఫ్యాన్ అనుకున్నాను. సాయంత్రానికి ఆరేళ్ళ ఫొటోలు లేవు. వాటికి ఇంకో రెండు కాపీలు, అందులో ఒకటి ఇంటికి దూరంగా, ఉండి ఉంటే కొత్త డిస్క్ ఒకటి కొనుక్కుని హాయిగా పడుకునేవాణ్ణి. ఇప్పుడు ఉన్నాయి. పెట్టుకోవడానికి ఒక్క ఆదివారం పట్టింది, ఆ ఆదివారం ఏమేం చేశానో వరసగా చెప్తాను."

---

అరసున్న:

ఇదైతే నేను చదువుతాను. 3-2-1 అనకుండానే అందులో సగం పైగా చెప్పేశారు, ఎలా చేయాలన్నది కింద ఉందని కూడా తెలిసింది, తెలుసుకుందాం అనలేదు. తడిఫోన్ పట్టుకున్నవాడికి మాత్రం ఇప్పటికీ ఇలా రాయకండి.

---

చెవినపడ్డమాట:

నాలుగో వాక్యం మళ్ళీ పొడవైంది, మధ్యలో "అందులో ఒకటి ఇంటికి దూరంగా" అడ్డంపడి తడబడుతోంది. విరగ్గొట్టండి. "ఇంకో రెండు కాపీలు ఉండి ఉంటే కొత్త డిస్క్ కొనుక్కుని హాయిగా పడుకునేవాణ్ణి. అందులో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలని అప్పటికి నాకు తెలీదు." ఇలా.

---

మాటపట్టింపు:

పెన్‌డ్రైవ్ ఏది? బయోడేటా, నాలుగు పాటలు ఎందుకు తీసేశారు?

---

సగంచిత్తు:

మరీ నవ్వులాటగా ఉంటుందేమోనని తీశానండి. సీరియస్ విషయం కదా.

---

మాటపట్టింపు:

నన్ను డ్రాయర్ దాకా నడిపించింది ఆ ఒక్క ముక్కే. ఫొటోలు పోవడం అందరూ రాస్తారు. "ఫొటోలు లేవు" తర్వాత అది యథాతథంగా పెట్టేయండి.

---

సగంచిత్తు:

పెట్టాను. నాలుగో వాక్యం కూడా విరగ్గొట్టాను. ఇప్పుడు చదువుతుంటే నాకే కిందికి వెళ్ళాలనిపిస్తోంది. రాత్రికి పబ్లిష్ చేస్తా.

---

పాతడెస్కు:

సంతోషం. అన్నట్టు హెడ్డింగ్ ఏం పెట్టారు?

---

సగంచిత్తు:

"డేటా బ్యాకప్: ప్రాముఖ్యత మరియు ఆవశ్యకత".

...దీనికి ఇంకో ప్రశ్న పెడతాను.